ఉప్పు సముద్రంలోదే కదా మిస్!

యలహంక నుంచి చిక్కబళ్లాపురం వెళ్లే రైలు దేవనహళ్లి మీదుగానే పోతుంది. దాని కూత వినిపిస్తే చాలు, మా ఆరో తరగతి పిల్లల చూపులు కిటికీ వైపు తిరుగుతాయి. పాఠ్యపుస్తకం కాకుండా ఒక పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వాళ్లతో చదివించాలనుకున్నప్పుడు 'రైలుబడి'ని ఎంచుకోవడానికి కారణం అదే.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి నవలలా రాసిన నిజమైన కథ ఇది. జపాన్‌లో 1981లో వెలువడింది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి పంపేసిన ఒకటో తరగతి పాప తొత్తోచాన్, టోక్యోలోని తొమోయె బడిలో చేరుతుంది. అక్కడ పాత రైలుపెట్టెలే తరగతి గదులు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మాస్టారు మొదటి రోజే ఆ పాప చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు వింటారు.

నేను మాత్రం అలవాటు కొద్దీ దాన్ని పాఠంలాగే మొదలుపెట్టాను. బోర్డు మీద కఠిన పదాలు, అర్థాలు, ఖాళీలు పూరించండి. రెండో వారంలో ఒక పాప అడిగింది: "ఇది పరీక్షకొస్తుందా మిస్?" నా తప్పు తెలిసింది. ఆ రోజు నుంచి చివరి పీరియడ్‌లో పదిహేను నిమిషాలు చదవడమే. ముందు నేను, తర్వాత ఇష్టమున్నవాళ్లు. ప్రశ్నలు పిల్లలే వేయాలి.

తొమోయె పిల్లలు అన్నం డబ్బాలో సముద్రం నుంచి ఒకటి, కొండల నుంచి ఒకటి తెచ్చుకోవాలి. ఆ భాగం వచ్చినప్పుడు మీ డబ్బాలు చూడండి అన్నాను. రాగిముద్ద, చిత్రాన్నం, పప్పు. కొండకు లోటు లేదు, నంది కొండ దగ్గరే. సముద్రం ఎక్కడ? అందరూ మౌనం. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక గొంతు: "ఉప్పు ఉండాది కదా మిస్. అది సముద్రంలోదే కదా!"

ఆ అబ్బాయి తండ్రి మేస్త్రీ పనికి హిందూపురం వైపు నుంచి వచ్చారు. తన మాటకు నవ్వుతారని వాడు తరగతిలో నోరు విప్పేవాడు కాదు. ఆ రోజూ "ఉండాది" అన్నందుకు ఇద్దరు నవ్వారు. నేను ఆ వాక్యాన్ని వాడు అన్నది అన్నట్టే బోర్డు మీద రాశాను. ఇంత మంచి జవాబు నాకు తట్టలేదని చెప్పాను. మర్నాడు ఒక పేజీ చదువుతానని వాడే లేచాడు. కూడబలుక్కుని చదవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. ఆ హక్కును అడుగుతూనే ఉండాలి. అయితే ఇంట్లో మాట్లాడే తెలుగు తప్పని బడిలోనే అనిపిస్తే పిల్లలు రెండు తెలుగులకూ దూరమవుతారు. పుస్తకాల తెలుగును ఇంటి తెలుగు మీదుగానే అందుకోవాలి.

1945లో బాంబు దాడిలో తొమోయె బడి కాలిపోయిన చివరి భాగం చదివాక తరగతి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లలు అడిగినవి రెండే. మాస్టారు మళ్లీ బడి కట్టారా? ఇలాంటి పుస్తకం ఇంకొకటి ఉందా?

తోటి ఉపాధ్యాయులకు నా మాట ఒక్కటే. ప్రతులు తక్కువున్నా మొదలుపెట్టండి. మా తరగతికి దొరికినవి నాలుగే.