కప్పు కింద స్త్రీ... చవకా? క్షేమమా?

"ఇక్కడేం అమ్ముతున్నార్రా చవగ్గా?" అని అడిగాను మా బాబుని. అంతే! వాడు నడివీధిలో పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

అది దుకాణం కాదు, కడుతున్న మేడ. చుట్టూ కట్టిన రేకుల మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తు, నాలుగు పెద్ద అక్షరాలు. మొదటి అక్షరం నేను రోజూ కూరగాయల కొట్లో చూసేదే. అది కనిపిస్తే ధర తక్కువన్నమాట. "చవక కాదమ్మా! 'అన్‌జెన్ దై-ఇచి', ముందు భద్రత అని. మాకు ఈ ఏడాదే చెప్పారు" అన్నాడు వాడు. వాడు చదివేది మూడో తరగతి. నేను బి.ఏ.!

మా వారి ఉద్యోగరీత్యా టోక్యోలోని నిషి కసాయికి వచ్చి ఏడాదిన్నర అయింది. భారతీయులు చాలామందే ఉన్న పేట కాబట్టి కందిపప్పుకీ, చింతపండుకీ లోటు లేదు. లోటల్లా అక్షరానికే. స్కూలు నుంచి చీటీ వస్తే పిల్లాడే చదివి చెప్పాలి. నాలుగు కథలు అచ్చులో చూసుకున్నదాన్ని, ముప్పై ఎనిమిదేళ్ళకి వేలిముద్ర మనిషినైపోయాను. చెప్పొద్దూ, ఆ దిగులుతోనే కాబోలు, వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క కథా రాయలేదు.

మా పేటలో నాలాంటివాళ్ళకి శనివారాలు ఉచితంగా జపనీస్ నేర్పే పెద్దావిడ ఒకరున్నారు. డెబ్భై దాటాయి. జరిగింది చెబితే ఆవిడ నవ్వలేదు. కాగితం మీద ఆ అక్షరాన్ని పెద్దగా రాసి చూపించారు. మొత్తం ఆరు గీతలు. పై మూడూ ఇంటి కప్పు. కింది మూడూ స్త్రీ. ఇంటి కప్పు కింద ఆడమనిషి కుదురుగా కూర్చుంటే ప్రశాంతత, క్షేమం. అదీ దాని అర్థం.

మరి చదవడం ఎలా? చైనా నుంచి అక్షరంతో పాటు వచ్చిన పలుకు 'అన్'. జపాన్ వాళ్ళ నోట అంతకుముందే ఉన్న మాట 'యసుయి'. రెండింటినీ ఒకే అక్షరానికి తగిలించేశారు. మనం 'జలపాతం'లో జలమనీ, కడవలో ఉంటే నీళ్ళనీ అంటాం కదా. రెంటికీ ఒకే బొమ్మ వేసి, సందర్భాన్ని బట్టి చదువుకోమంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. పక్కన 'మనసు' అనే అక్షరం చేరితే 'అన్‌షిన్', నిశ్చింత. ముందు 'లేదు' అనే అక్షరం వస్తే 'ఫు-అన్', బెంగ. వెనక చిన్న అక్షరం తోకలా తగిలితే 'యసుయి', చవక.

"క్షేమం కాస్తా చవకెలా అయింది?" అన్నాను. 'యసుయి' అంటే పూర్వం నెమ్మది, సులువు అని కూడానట. సులువుగా కొనగలిగింది చవకేగా! చైనా భాషలో మాత్రం ఈ అక్షరానికి చవక అన్న అర్థం లేదు.

వివరణ బాగానే ఉంది గానీ నాకు చివుక్కుమంది. "ఇంట్లో ఖాళీయేగా" అన్న మాట తెలుగులోనే బోలెడుసార్లు విన్నదాన్ని. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఇక్కడ కూడా చవకేనా అని, వచ్చీరాని జపనీస్‌లో అడిగేశాను.

ఆవిడ కాసేపు ఊరుకుని రెండు సంగతులు చెప్పారు. షిరకావా షిజుకా (1910-2006) అనే పండితుడి లెక్కలో అది మామూలు ఇల్లు కాదట, పూర్వీకుల్ని కొలిచే మందిరం. అందులో ఉన్నది, ఆ వంశంలో ఒకర్తెగా చేరడానికి వచ్చిన కొత్త కోడలు.

రెండోది చెప్పలేదు, రాసి చూపించారు. అదే అక్షరాన్ని గబగబా గొలుసుకట్టుగా రాశారు. మళ్ళీ రాశారు. రాసేకొద్దీ కప్పు కరిగిపోయి, చివరికి మిగిలింది నాకు మొదటిరోజు నేర్పిన హిరగానా అక్షరం 'అ'!

794లో క్యోటో రాజధాని అయింది. అప్పటి పేరు హేఅన్, అందులోనూ ఈ అక్షరమే ఉంది. ఆ కాలంలో చైనా లిపి మగవాళ్ళ చదువు. ఆడవాళ్ళు ఎక్కువగా రాసింది ఈ గొలుసుకట్టు అక్షరాలతోనే. అందుకే దానికి 'ఒన్నదె', అంటే ఆడవాళ్ళ రాత అని పేరు. మురసాకి షికిబు 11వ శతాబ్దం తొలినాళ్ళలో 'గెంజి గాథ' రాసింది ఆ రాతతోనే. చిన్నప్పుడు సోదరుడికి చెప్పే చైనా పాఠాలు పక్కన కూర్చుని విని, అతనికంటే ముందే నేర్చేసుకుందట. ఇది మగపిల్లాడై పుట్టకపోయెనే అని తండ్రి వాపోయాడని తన డైరీలో తనే రాసుకుంది.

ఆవిడ సోదరుడి పాఠం వింది. నేను కొడుకు పాఠం వింటున్నాను. సిగ్గెందుకు?

"ఇరవైసార్లు రాయాలమ్మా" అన్నాడు మా బాబు. రాశాను. ఆ రాత్రి గిన్నెలు కడుక్కున్నాక, అదే పుస్తకం వెనక పేజీలో ఏడాదిన్నర తర్వాత ఓ కథ మొదలుపెట్టాను. దాన్ని మాత్రం చవగ్గా ఎవరికీ ఇవ్వను సుమండీ!