పెళ్ళిచీరకు కనిపించని మరకే శత్రువు

పదహారు రోజుల పండగ కూడా అయిపోయాక పెళ్ళికూతురి పట్టుచీర బీరువాలో పై అరకు చేరుతుంది. ఒక్కసారే కట్టింది కదా, శుభ్రం చేయించడం దేనికని మడతపెట్టి దాచేస్తారు. నాలుగేళ్ళ తర్వాత ఏ చెల్లెలి పెళ్ళికో బయటికి తీస్తే భుజం దగ్గర గోధుమరంగు మచ్చలు, మడతల వెంట నల్లబడిన జరీ కనిపిస్తాయి. నాసిరకం సరుకు అంటగట్టారని కొట్టువాళ్ళను తిట్టుకుంటాం. చాలా సందర్భాల్లో ఆ తప్పు నేసినవాళ్ళదీ కాదు, అమ్మినవాళ్ళదీ కాదు. పెళ్ళిపీటల మీద చీరకు అంటుకుని, కంటికి ఆనకుండా అందులోనే ఉండిపోయినవి బీరువాలో తీరిగ్గా చేసిన పని అది.

పాశ్చాత్య దేశాల్లో తెల్లటి పెళ్ళి గౌన్లను శుభ్రం చేసి భద్రపరచడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది షాంపేన్, సోడాల చుక్కలకు. ఆరిపోయాక అవి కనిపించవు. వాటిలోని చక్కెర మాత్రం బట్టలోనే ఉండి, కొన్ని నెలలకో ఏళ్ళకో గోధుమరంగుకు తిరుగుతుంది. మన పెళ్ళిలో షాంపేన్ లేకపోవచ్చు గానీ జీలకర్ర–బెల్లం ఉంది. సుముహూర్తానికి నెత్తిన పెట్టిన ఆ ముద్ద తడి జారి భుజానికి, పమిటకు అంటుతుంది. బెల్లంలో చెరకు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. ఇవి మెల్లగా రంగు మారతాయి, పట్టులోని ప్రొటీన్‌తో కలిసి మరింత ముదురుతాయి. పైన వేడి ఇస్త్రీపెట్టె తగిలిందా, ఏళ్ళు పట్టే పని క్షణాల్లో అయిపోతుంది.

పట్టు తత్వం

పట్టుపురుగు ఉమ్మే దారంలో రెండు ప్రొటీన్లు ఉంటాయి. లోపలిది ఫైబ్రోయిన్, దాన్ని అంటిపెట్టుకున్న జిగురు సెరిసిన్. ముడిపట్టు బరువులో సుమారు పాతిక శాతం ఈ జిగురే. సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తే జిగురు వదిలి, పట్టుకు మెరుపూ మెత్తదనమూ వస్తాయి. మిగిలేది ఫైబ్రోయిన్. అది ప్రొటీన్ కాబట్టే పట్టుకు కొన్ని పడవు. ఘాటైన క్షారాలు దాన్ని కరిగిస్తాయి. క్లోరిన్ బ్లీచ్ పసుపుపచ్చగా మార్చి తినేస్తుంది. రక్తం, గుడ్డు మరకల్ని విడగొట్టడానికి బట్టల పొడుల్లో కలిపే ప్రొటీన్ ఎంజైములు పట్టును కూడా మరకగానే లెక్కగట్టి కొరికేస్తాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పోగును పెళుసు చేస్తాయి. అందుకే మ్యూజియాల్లో పట్టువస్త్రాల మీద పడే వెలుతురును 50 లక్స్ దాటనివ్వరు.

జిగురు తీయడంతో తగ్గిన బరువును మళ్ళీ పెంచాలన్న దురాశ ఒకప్పుడు యూరప్‌లో పెద్ద నష్టమే తెచ్చింది. పట్టును తూకానికి అమ్మే రోజుల్లో, 19వ శతాబ్దం ద్వితీయార్ధం నుంచి, దారాన్ని తగరం లవణాల్లో నానబెట్టి బరువెక్కించేవారు. ఆ బట్టతో కుట్టిన పెళ్ళి గౌన్లు ఇప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా మడతల వెంట నిలువునా చీలిపోతున్నాయి. దీనికి మందు లేదు. పల్చటి పట్టుబట్టను ఆసరాగా కుట్టి, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే సంరక్షకులు చేయగలిగింది.

పసుపు, పారాణి

మన పెళ్ళిలో తలంబ్రాల నుంచి మంగళసూత్రం దాకా పసుపు తగలనిదేదీ లేదు. పసుపులోని కుర్కుమిన్, రంగును పట్టించే మందు ఏదీ అక్కర్లేకుండా పట్టుకు నేరుగా పట్టేసే అద్దకం. నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లనే. చీర మీది పసుపు మరకకు సబ్బు రుద్దగానే అది ఎర్రగా మారడమూ అచ్చంగా అదే చర్య. రంగు పోయిందని కంగారుపడి ఇంకా రుద్దితే పోగులు లేచిపోతాయి, మరక మాత్రం కదలదు. ఒక చుక్క నిమ్మరసం కలిపిన నీళ్ళు తగిలిస్తే తిరిగి పసుపు రంగుకు వస్తుంది. పట్టుకు కొద్దిపాటి ఆమ్లంతో పేచీ లేదు. మన పెద్దలు పట్టుచీరలకు కుంకుడు రసం వాడటంలోని మర్మం ఇదే. అందులోని సాపోనిన్లు మురికిని విడదీస్తాయి, ఆ రసం స్వభావం స్వల్పంగా ఆమ్లం. అయితే కుంకుడు రసానికి తనదైన గోధుమ ఛాయ ఉంటుంది కాబట్టి లేత రంగు చీరలకు నప్పదు.

ఎండ తగిలితే కుర్కుమిన్ వెలిసిపోతుంది. నూలుబట్టకు ఆ చిట్కా పనికొస్తుంది. పట్టుచీరను ఎండలో వేస్తే మరకతో పాటు చీర రంగూ, పోగు బలమూ పోతాయి.

జరీ పోగు విప్పి చూస్తే

పాత చీర అంచు నుంచి ఊడిన ఒక జరీ పోగును భూతద్దం కింద పెట్టి మెల్లగా విప్పండి. లోపల సన్నటి పట్టుదారం ఉంటుంది. మేలిరకం జరీలో అది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. దాని చుట్టూ రేకులా సాగగొట్టిన వెండితీగ మెలితిరిగి, ఆ వెండి మీద అతి పల్చటి బంగారు పూత కనిపిస్తుంది. రెండో రకంలో వెండికి బదులు రాగితీగ ఉంటుంది. చవక రకంలో లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర ఉంటుంది.

బంగారం నల్లబడదు. కానీ పూత ఎంత పల్చన అంటే దాని సూక్ష్మరంధ్రాల గుండా గాలిలోని గంధకపు వాయువులు వెండిని చేరి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది మొదట పసుపుగా, తర్వాత గోధుమగా, చివరికి నల్లగా కనబడుతుంది. మడతల దగ్గర తీగ వంగి పూత పగులుతుంది కనుక నలుపు అక్కడే మొదలవుతుంది. చెమటలోని ఉప్పు తగిలితే రాగి జరీ పచ్చబడుతుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని శాలువలు గంధకాన్ని వదులుతాయి కాబట్టి వాటి పక్కన జరీచీర పెట్టకూడదు. చీర కట్టుకున్నాక సెంటు కొట్టుకోకూడదు. ఇత్తడి బిందె తోమినట్టు జరీని చింతపండుతోనో వెండి పాలిష్‌తోనో రుద్దితే నలుపుతో పాటు బంగారమూ పోతుంది.

డ్రై వాష్ అన్నీ వదిలించదు

డ్రై క్లీనింగ్‌లో నీళ్ళకు బదులు వేరే ద్రావణి వాడతారు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో జోలీ అనే ఆయన దీన్ని వ్యాపారంగా పెట్టారు. ఇప్పటికీ చాలాచోట్ల వాడే ద్రావణి పర్‌క్లోరోఇథిలీన్. నూనె, నెయ్యి, కాటుక జిడ్డును అది ఇట్టే కరిగిస్తుంది. చక్కెర, చెమట ఉప్పు మాత్రం దానిలో కరగవు. కాబట్టి ‘డ్రై వాష్ చేయించాం’ అన్న చీరలోనూ బెల్లం అలాగే ఉండొచ్చు. నేర్పున్న పనివాడు చీరను బల్ల మీద పరిచి వెలుతురులో చూసి, నీటిలో కరిగే మరకల్ని తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది తీశాకే యంత్రంలో వేస్తాడు. మరక దేనిదో, ఎక్కడ పడిందో మనం చెప్పకపోతే అతనికి తెలిసే దారి లేదు.

ఈ ద్రావణిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ కోవలో చేర్చింది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2024 డిసెంబరులో, డ్రై క్లీనింగ్ నుంచి దీన్ని పదేళ్ళలో తొలగించాలని నిబంధన తెచ్చింది. అందువల్ల చీర ఇంటికి రాగానే పాలిథీన్ కవరు తీసేసి, ఒక రోజు నీడలో గాలికి ఆరేయాలి.

ఇంట్లో ఉతుకుదామనుకుంటే చీర నేత తెలియాలి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నీళ్ళు తగిలితే రెండూ ఒకేలా ముడుచుకోవు, అంచు ముడతలు పడుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దిగితే అసలు నమూనాయే చెదురుతుంది. అలాంటి చీరల్ని తెలిసినవాళ్ళకే అప్పగించాలి.

దాచే పద్ధతి

చాలామంది దాచేముందు చీరను గంజి పట్టించే రోలింగ్‌కి ఇస్తారు. అది కట్టుకోబోయే ముందు చేయించాల్సిన పని. గంజి పట్టిన బట్ట సిల్వర్ ఫిష్ పురుగులకు విందు. దాచేముందు కావలసింది శుభ్రత ఒక్కటే.

• చాలాసార్లు ఉతికి గంజి వదిలిన తెల్లటి నూలుబట్టలో చుట్టండి. పాత మధుపర్కం పంచె ఉంటే, దానికి పసుపు లేనిచోట చింపి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ కవరు తేమను బంధిస్తుంది. న్యూస్‌పేపరు ఆమ్లమూ సిరా రెండూ అంటిస్తుంది.

• గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు అనుకూలం. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు.

• బరువైన జరీచీరను హ్యాంగరుకు వేలాడదీయకండి. వీలుంటే నూలుబట్ట చుట్టిన గొట్టానికి చుట్టండి. మడతపెడితే మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి.

• కలరా ఉండలు వద్దు. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి, జి6పీడీ ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. బారసాల నాడు బిడ్డను ఎత్తుకోబోయేది ఆ చీర కట్టుకునే.

అమ్మమ్మల నాటి చీర పోగులు పట్టు తప్పి ఉంటే ఉతికే ప్రయత్నమే చేయకండి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ప్రయోగశాల ఉంది. ఇలాంటి పనికే లక్నోలో 1976లో ఒక జాతీయ ప్రయోగశాల ఏర్పడింది. అలాంటి చోట్ల పనిచేసేవారి సలహా తీసుకోవడం మేలు.

వేలు పోసి కొన్న చీరకు బీరువా, తాళం మాత్రమే రక్షణ అనుకోకండి. పెళ్ళైన వారంలోపే దాన్ని పగటి వెలుతురులో పరిచి, ఏది ఎక్కడ పడిందో గుర్తుచేసుకుని, ఆ మాట శుభ్రం చేసేవాళ్ళకు చెప్పండి. తర్వాత మడత మార్చే రోజును క్యాలెండరులో రాసుకోండి. ఖర్చు తక్కువైన ఈ రెండు పనులూ చేస్తే మీ పెళ్ళిచీరను మీ మనవరాలు కూడా కట్టుకోగలుగుతుంది.