నముచి, సాతాను, పోలేరమ్మ

మంగళగిరి కొండమీద పానకాలస్వామి గుడికి వెళ్లినవాళ్లలో చాలామందికి నముచి కథ తెలుసు. తడిదానితో గానీ పొడిదానితో గానీ తనకు చావు రాకూడదని తపస్సు చేసి, బ్రహ్మ దగ్గర వరం పొందిన రాక్షసుడు. నురగ తడీ కాదు, పొడీ కాదు. నురగలో ముంచిన సుదర్శన చక్రంతో నరసింహస్వామి వాణ్ని తుదముట్టించాడనీ, ఆయన ఉగ్రం చల్లారడానికి కృతయుగంలో అమృతం ఇచ్చారనీ, ఈ కలియుగంలో పానకం పోస్తున్నామనీ స్థలపురాణం చెబుతుంది.

ఈ నముచి కొండమీద పుట్టినవాడు కాదు. ఇంద్రుడు నీటి నురగతో నముచి తల తెగగొట్టాడన్న మాట ఋగ్వేదంలోనే ఉంది. పాళీ భాషలోని సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలోనూ అదే పేరు కనిపిస్తుంది. నేరంజరా నది ఒడ్డున ఉపవాసాలతో చిక్కి శల్యమైన సిద్ధార్థుడి దగ్గరికి ఒకడు వస్తాడు. కత్తి పట్టుకుని రాడు, జాలిపడుతూ వస్తాడు. బక్కచిక్కిపోయావు, చావు దగ్గరపడింది, బతికి ఉంటే ఎంత పుణ్యమైనా చేసుకోవచ్చు కదా అని బుజ్జగిస్తాడు. వాడు మారుడు. ఆ గ్రంథం వాణ్ని నముచి అని పిలిచింది. సిద్ధార్థుడు బదులిస్తూ వాడి సైన్యాన్ని ఒక్కొక్కటిగా పేరు పెట్టి లెక్కిస్తాడు: కోరిక, విసుగు, ఆకలిదప్పులు, తృష్ణ, మత్తు, భయం, సందేహం. ఇవన్నీ మనిషి లోపల ఉండేవే.

మంగళగిరికి పెద్ద దూరం లేని అమరావతిలో, దాదాపు 1,800 ఏళ్ల కిందట, మన శిల్పులు మారుడి దాడి ఘట్టాన్ని పాలరాయిలాంటి సున్నపురాతిమీద చెక్కారు. ఆ పలకల్లో కొన్నిటిలో బుద్ధుడి బొమ్మే ఉండదు. చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ మారుడి కూతుళ్లు, మరుగుజ్జు రూపాల సైన్యం. అలాంటిదొకటి ఇప్పుడు పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉంది. మారుడు ఎంత ఆర్భాటం చేసినా, దాడి జరిగే చోటు మనిషి మనసేనని చూపడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచదు.

కొండమీద వరం పొందిన రాక్షసుడు, నది ఒడ్డున మనసును లాగే మారుడు. ఇద్దరిలో ఎవరూ, మనం ఇవాళ సాతాను అనగానే ఊహించుకునే లోకశత్రువు కారు. మన పురాణాల్లో చెడు చేసేవాడికి కూడా తపస్సు ఉంటుంది, వరమిచ్చే దేవుడు ఉంటాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆదరణలో ఉన్న ఎర్రన నృసింహపురాణం రాశాడు. అందులోని హిరణ్యకశిపుడు కూడా బ్రహ్మ వరంతో పెరిగినవాడే. భాగవతం ఇంకో అడుగు ముందుకు వేసి, అతను శాపం తగిలిన వైకుంఠ ద్వారపాలకుడంది. కథ అయ్యాక స్వామి సన్నిధికే తిరిగి చేరతాడు.

సాతాను కూడా మొదట్లో ఇలా కొలువులోనివాడేనని చాలామందికి తెలియదు. బైబిల్లోని యోబు గ్రంథం తెరిస్తే, దేవదూతలతో కలిసి అతనూ దేవుని సన్నిధికి వస్తాడు. నేరం మోపడం, పరీక్షించడం అతని పని. సెలవు దొరికితే తప్ప యోబును ముట్టుకోలేడు. దావీదు రాజు జనాభా లెక్క తీయించిన కథ ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చెబుతుంది. సమూయేలు రెండో గ్రంథంలో దావీదును ఆ పనికి పురికొల్పింది దేవుని కోపం. తర్వాతి కాలంలో రాసిన దినవృత్తాంతముల గ్రంథంలో అదే కథలో పురికొల్పింది సాతాను. ఈ రెండు రచనల నడుమ యెరూషలేము కూలింది, యూదులు బబులోనుకు చెరపట్టబడ్డారు, క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బబులోను నగరాన్ని గెలిచాడు. పారశీకుల జరతుష్ట్ర మతంలో మంచికీ చెడుకీ రెండు వేర్వేరు శక్తులున్నాయి. సాతాను రూపు మారడంలో దాని ప్రభావం ఎంతన్నదానిమీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే, మంచి దేవుడే కష్టమెందుకు పంపుతాడన్న బాధే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది. ఆదికాండంలోని పాము సాతానేనని ఆ గ్రంథం ఎక్కడా అనదు. ఆ ముడి వేసింది చిట్టచివరి ప్రకటన గ్రంథం. ఖురాన్‌లోని ఇబ్లీసు ఆదాముకు తలవంచనని వెలివేయబడ్డాక కూడా గడువు అడుక్కునేది దేవుణ్నే. వాడికి దక్కిన ఆయుధం గుసగుస మాత్రమే.

మన పల్లెల్లో దయ్యమంటే వేరే సంగతి. అర్ధాయుష్షుతో, తీరని కోరికతో పోయినవాళ్లు దయ్యమవుతారని భయం. దానికి ఊరూ పేరూ ఉంటాయి. కాపుకొచ్చిన పత్తి చేలో దిష్టిబొమ్మ నిలబెట్టినా, పిల్లవాడికి ఎండు మిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసినా, భయం పక్కవాడి చూపు గురించే. ఇక మశూచి ఉన్న రోజుల్లో అది వస్తే ఏ దుష్టశక్తి పనీ కాదు, అమ్మవారు పోసింది అనేవారు. జబ్బు తెచ్చేదీ గ్రామదేవత పోలేరమ్మే, తగ్గించేదీ పోలేరమ్మే. అందుకే తల్లికి చద్ది పెట్టి చల్లబరుస్తారు.

19వ శతాబ్దంలో మిషనరీలు వచ్చారు. 1842లో హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. 1866లో క్లౌ ఒంగోలు చేరాడు. వాళ్లతో పాటు లోకశత్రువైన సాతానూ వచ్చాడు. ఆ కాలపు తెల్లవారి రాతల్లో గ్రామదేవతల కొలుపు చాలాచోట్ల దయ్యాల పూజైపోయింది. చల్లబరచి కాపాడమని వేడుకునే తల్లిని సాతాను పక్షాన నిలబెట్టడం అన్యాయమే. ఆ మాట నేను గట్టిగానే అంటాను.

కానీ అదే కథను మాదిగవాడ నుంచి చూస్తే మరోలా ఉంటుంది. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ కరువుపడ్డవాళ్లకు పని ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు పెట్టిన కట్టడి మూడు మాటలు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పోలేరమ్మ జాతరలో డప్పు కొట్టడం తరతరాలుగా వాళ్ల మీద పెట్టిన చాకిరీ. అమ్మవారి కోపానికి జడిసి కాదనలేని చాకిరీ. ఆమెకు భయపడనక్కర్లేదని వినడమంటే, ఊరు పిలిచినప్పుడు డప్పు తీయనని చెప్పడానికి ధైర్యం దొరకడం. చాలాచోట్ల అలా చెప్పారు, ఊరిపెద్దల కక్షకు గురయ్యారు, అయినా వెనక్కి తగ్గలేదు.