అడవికి ఉదయము పోయి సంధ్యకు ముందే మరలుడు

బిలాస్‌పూరు అర్పా నదీతీరమున వెలసిన రైల్వే పట్టణము. పందొమ్మిదవ శతాబ్దము చివర బెంగాల్–నాగపురము రైల్వే ఇచ్చటికి వచ్చినది. 2003వ సంవత్సరమున ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యస్థానమైనది. ఈ రైలుమార్గముల వెంట ఉత్తరాంధ్ర ప్రాంతములనుండి ఉద్యోగార్థులై వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చటి రైల్వే కాలనీలలో తరతరములుగా నివసించుచున్నవి. రైలు నడుపువారికి, స్టేషను మాస్టర్లకు, షెడ్డులలో పనిచేయువారికి పగలు రాత్రి యను భేదము లేదు. వేళకు నిద్ర ఉండదు, వేళకు భోజనముండదు. గంటలకొలది ఒకేచోట కూర్చుండువారికి నడకయు తక్కువ. ఇట్టి జీవితమున స్థూలకాయము, రక్తపుపోటు, మధుమేహము మెల్లమెల్లగా వచ్చి చేరును.

పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడచుట గాని, అంతటి శ్రమ చేయుట గాని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రములు తెలుపుచున్నవి. దినదినము కొంత నడచుచు, సెలవునాడు కుటుంబముతో ఒక కొండకో జలపాతమునకో పోయి వచ్చినచో శరీరమునకు వ్యాయామమును, మనస్సునకు ఉల్లాసమును ఒక్కసారిగా చేకూరును. ఇందుకు బిలాస్‌పూరు వాసులు దూరదేశములకు పోనక్కరలేదు.

చుట్టునున్న కొండలు, అడవులు

పట్టణమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున రతన్‌పూరు కలదు. ఇది కలచురి రాజుల పూర్వపు రాజధాని. మహామాయా దేవి దర్శనము చేసికొని, సమీపమున గుట్టపైనున్న లఖనీదేవి ఆలయమునకు మెట్లెక్కుట క్రొత్తగా నడక ప్రారంభించువారికి తగినది. ఆపైన ఖారంగ్ నదిపైనున్న ఖూటాఘాట్ ఆనకట్టను చూడవచ్చును. తూర్పున అకల్‌తరా సమీపమున దల్హా పహాడ్ అను కొండ కలదు. నాగపంచమినాడు జనులు తండోపతండములుగా దానిని ఎక్కుట ఆనవాయితీ. ఈ ఆరోహణము కొంత కఠినమైనది. అలవాటు పడినవారికే తగును.

ఉత్తరమున కట్నీ వైపు పోవు రైలు ఖోంగ్‌సరా దాటి భన్వర్‌టోంక్ వద్ద సొరంగమున ప్రవేశించును. అచ్చట రెండు ప్రక్కల సాలవృక్షముల అడవి. ఆ మార్గముననే పేండ్రారోడ్ స్టేషనులో దిగి అమరకంటకము పోవుదురు. సముద్రమట్టమునకు సుమారు 1,050 మీటర్ల ఎత్తున మైకల్ శ్రేణిలోనున్న ఈ క్షేత్రము నర్మదా నదికి జన్మస్థానము. నర్మదా కుండమునుండి కపిలధారా జలపాతము ఆరు కిలోమీటర్ల దూరములోనున్నది. అంబికాపూరు మార్గమున కెందయీ జలపాతము కలదు. అచానక్‌మార్ అడవి 1975లో అభయారణ్యముగను, 2009లో పులుల సంరక్షణ కేంద్రముగను ప్రకటింపబడినది. అందు కాలినడకను స్వేచ్ఛగా తిరుగుట నిషిద్ధము. అటవీశాఖవారు అనుమతించిన వాహనములో, వారి మార్గదర్శకునితోనే పోవలెను.

సంధ్యాసమయపు శత్రువు

ఈ యాత్రలన్నిటికిని ఒక నియమము ప్రధానమైనది: సూర్యోదయమునకు బయలుదేరి, సూర్యాస్తమయమునకు ముందే అడవిని విడువవలెను. ఇది పులికి భయపడి చెప్పినమాట మాత్రమే కాదు. అంతకంటె మిక్కిలి చిన్నదైన దోమకు భయపడి చెప్పినమాట.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ క్రిమిని మోయునవి ఎనాఫిలిస్ జాతి దోమలు. వీనిలో ఫ్లూవియాటిలిస్ అనునది కొండల ప్రక్కన మెల్లగా పారు సెలయేళ్లలో గ్రుడ్లు పెట్టును; అనగా మనము ముచ్చటపడి కూర్చుండు చోటులే దాని జన్మస్థానములు. ఎనాఫిలిస్ దోమలు సాధారణముగా సంధ్యనుండి తెల్లవారువరకు కుట్టును. పగటివేళ సెలయేటి గట్టున భోజనము చేసినవారికంటె చీకటిపడినదాక అచ్చటనే యున్నవారికి అపాయమెక్కువ. ఆలస్యము తప్పనిచో నిండుచేతుల చొక్కా, కాళ్లను కప్పు దుస్తులు ధరించి, దోమలను పారద్రోలు లేపనమును పూసికొనవలెను. రాత్రి నిలువవలసివచ్చినచో దోమతెర తప్పనిసరి.

మలేరియా పోయినదని ఏమరి యుండుట ఎంత ప్రమాదమో మన దేశచరిత్రయే చెప్పుచున్నది. స్వాతంత్ర్యము వచ్చినప్పుడు ఏటా సుమారు 7½ కోట్లమందికి ఈ జ్వరము సోకుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనవి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు తగ్గినది. కాని 1976లో అది తిరిగి 64 లక్షలు దాటినది. 2030 నాటికి దేశమునుండి మలేరియాను తొలగింపవలెనని నేటి లక్ష్యము. అడవి ప్రాంతములలో ఈ పని ఇంకను మిగిలియున్నది.

పండ్రెండవనాటి జ్వరము

ఉదాహరణమునకు ఒక కుటుంబమును తీసికొందము. షెడ్డులో పనిచేయు గృహస్థు ఒక ఆదివారము భార్యాబిడ్డలతో కొండవాగునకు పోయెను. వంట ఆలస్యమైనది, వెన్నెలలో కూర్చుండి భోజనము చేసి రాత్రి ఇల్లు చేరిరి. సోమవారము యథాప్రకారము పనికి పోయెను. పండ్రెండవనాడు చలి, జ్వరము, తలనొప్పి. డ్యూటీ బడలికయని తలచి దుకాణములో మాత్రలు కొని వేసికొనెను. చెమటపట్టి జ్వరము తగ్గినది. మరుసటిదినము తిరిగి వచ్చినది. అప్పుడు ఆయన డాక్టరువద్దకు పోవుచుండగా భార్య, “ఏమండీ, ఆ ఆదివారం వాగు దగ్గర దోమలు కుట్టిన సంగతి డాక్టరుగారితో చెప్పండి” అని జ్ఞాపకము చేసెను. ఆ ఒక్కమాట మేలుచేసినది. వెంటనే రక్తపరీక్ష జరిగినది. ఫాల్సిపారం మలేరియా యని తేలినది. తగిన మందు అందినది.

దోమ కుట్టినదినముననే జ్వరము రాదు. ఫాల్సిపారం క్రిమి సోకినచో సాధారణముగా 9 మొదలు 14 దినములకు జ్వరము కనిపించును. అప్పటికి యాత్రసంగతి మరపునకు వచ్చును. అందుచేతనే రోగి చెప్పడు, వైద్యునికి తెలియదు. ఫాల్సిపారం జ్వరమును ఒక్కదినము ఉపేక్షించినను అది మెదడుకు, మూత్రపిండములకు హానిచేసి ప్రాణాంతకము కాగలదు. వైవాక్స్ అను మరియొక రకము నెలల తరువాతను తలయెత్తవచ్చును. చలి వణకు రానంతమాత్రమున మలేరియా కాదనుకొనరాదు.

రక్తపరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితము. ఛత్తీస్‌గఢ్ గ్రామములలో 2002నుండి సేవచేయుచున్న ఆరోగ్య కార్యకర్తలను ‘మితానిన్’ అని పిలుతురు. ఆ మాటకు నెచ్చెలి యని అర్థము. వేలిచివర ఒక్క రక్తపుబొట్టుతో చేయు పరీక్షకు వారిని అడుగవచ్చును. మందు ఏదియో వైద్యుడే నిర్ణయింపవలెను. గర్భవతులకు, పసిబిడ్డలకు కొన్ని మందులు తగవు. జ్వరము తగ్గినదని మందును మధ్యలో మానరాదు.

నడక సుఖముగా సాగుటకు

నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు కాలము అనుకూలమైనది. వేసవిలో ఇచ్చటి ఎండ 45 డిగ్రీలు దాటుటయు కలదు. అప్పుడు మిట్టమధ్యాహ్నము కొండలెక్కరాదు. రాత్రి డ్యూటీ ముగించి నిద్రలేకయే యాత్రకు పోరాదు. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

సెలయేటినీరు ఎంత తేటగా కనిపించినను అట్లే త్రాగరాదు. కాచి చల్లార్చిన నీటిని ఇంటినుండియే తీసికొనిపోవలెను. చెమట ఎక్కువైనచో గాని విరేచనములైనచో గాని, ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగవలెను.

ఈ ప్రాంతమున సికిల్ సెల్ రక్తవ్యాధి గల కుటుంబములు కలవు. 2023 జూలై 1న ఈ కట్నీ మార్గములోనే యున్న షహ్‌డోల్‌లో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమము ప్రారంభింపబడినది. ఈ వ్యాధిగల పిల్లలను నడకకు పూర్తిగా దూరము చేయనక్కరలేదు. కాని వైద్యుని అనుమతితో, నీరు తరచుగా ఇచ్చుచు, విశ్రాంతి కల్పించుచు, చలిలోను అతిశ్రమలోను పడనీయక తీసికొనిపోవలెను.

జలపాతముల వద్ద నాచుపట్టిన రాళ్లపై నడువరాదు. కొండపైన వాన కురిసినచో క్రింద ఎండగా నున్నప్పుడే వాగు పొంగును. నీరు మట్టిరంగునకు మారుట కనిపించినతోడనే గట్టెక్కవలెను. ఇప్పపూలు రాలు కాలమున ఎలుగుబంట్లు వేకువను, సంధ్యను చెట్లక్రిందికి వచ్చును. మర్వాహీ అడవులలో అవి అధికము. పాము కరచినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట తగదు. కరచిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, 108కి ఫోను చేసి వెంటనే విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్చవలెను.

క్యాలెండరుపై ఒక గుర్తు

రైల్వే కుటుంబములకు తేదీలను, వేళలను వ్రాసియుంచుట క్రొత్త కాదు. కొండకు పోయివచ్చిననాడు గోడనున్న క్యాలెండరుపై ఆ తేదీకి ఒక సున్న చుట్టవలెను. అక్కడనుండి ఒక నెలలోపల ఇంటిలో ఎవరికి జ్వరము వచ్చినను, ఆ దినమే రక్తపరీక్ష చేయించి, యాత్రసంగతి వైద్యునితో చెప్పవలెను. నెల గడచినంతమాత్రమున ఆ సంగతిని మరువరాదు. కొన్ని నెలల తరువాత జ్వరము వచ్చినను చెప్పుట మంచిది.

కొండలు మనకు ఆరోగ్యమునే ఇచ్చును. ఉదయము పోయి, సంధ్యకు ముందే మరలి, ఆ నెలదినములు జాగరూకతతో నుండినవారికి ఆ ఆరోగ్యము నిలుచును.