నెలలు నిండని బిడ్డల కిడ్నీలు

గర్భంలో కిడ్నీ తయారీ దాదాపు 36వ వారం దాకా సాగుతుంది. రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లలో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే ఏర్పడతాయి. 28 వారాలకే పుట్టిన బిడ్డలో ఆ పని బయట కొన్నాళ్లు సాగి ఆగిపోతుంది. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. ఒక్కో కిడ్నీకి సగటున 10 లక్షలు ఉండాల్సిన నెఫ్రాన్లు తక్కువైతే, ఉన్నవే పెరిగి అదనపు భారం మోస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి దెబ్బతిని, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం, బీపీ పెరగడం మొదలవుతాయి.

స్వీడన్‌లో 40 లక్షలకు పైగా జననాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 37 వారాల లోపు పుట్టినవారికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. అయినా ఎక్కువ మందికి ఆ జబ్బు రాదు. తల్లిదండ్రులు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో మరో చిక్కుంది: అక్కడ చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. అవి బలహీనపడితే అది ఎముకల్లో మరింత పేరుకుంటుంది. మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల ఇలాంటి పిల్లలకు బోరు నీళ్లు వద్దు, శుద్ధి చేసిన కృష్ణా నీళ్లే తాగించాలి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఎక్కడైనా మూడేళ్లు నిండకముందు నుంచే బీపీ చూడాలి, అప్పుడప్పుడు మూత్ర పరీక్ష చేయించాలి. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వేయకూడదు. ఎన్ని వారాలకు పుట్టిందీ రాసున్న డిశ్చార్జి కాగితం పెద్దయ్యాక కూడా డాక్టరుకు చూపించాలి.