చౌక పిస్తోలు

చౌకగా కొన్న తాళము రెండు నెలలకే మొరాయించితే మనము విసుగుకొని మరొకటి కొందుము. పిస్తోలు సంగతి అట్లు కాదు. పేలవలసినప్పుడు పేలకున్నను ముప్పే, పేలకూడనప్పుడు పేలినను ముప్పే.

అమెరికాలో 1968 నాటి చట్టము విదేశపు చౌక పిస్తోళ్ల దిగుమతిని అరికట్టినది; స్వదేశములో తయారీని మాత్రము ఆపలేదు. అంతట కాలిఫోర్నియాలో కొన్ని కంపెనీలు వెలసి, ఉక్కుకు బదులు తుత్తునాగము కలిసిన లోహమును పోతపోసి, చిన్న పిస్తోళ్లను తక్కువ వెలకు అమ్మినవి. తూటా మధ్యలో ఇరుక్కొనునని వీటిపై తరచు ఫిర్యాదు.

ఆ కంపెనీలలో బ్రైకో ఆర్మ్స్ ఒకటి. దాని పిస్తోలు నుండి తూటా తీయవలెనన్న ముందు సేఫ్టీ మీటను తప్పించవలెను. అనగా అపాయమును తొలగించబోవు వేళనే కాపుదల తీసివేయవలెను! 1994లో ఒక ఇంట ఇట్లే తూటా తీయబోగా పిస్తోలు పేలి, ఏడేండ్ల బాలుని కాళ్లు చేతులు చచ్చుపడినవి. తూటా ఇరుక్కొను లోపమును కప్పిపుచ్చుటకే మీటను అట్లు అమర్చిరని బాలుని పక్షమువారు వాదించిరి. 2003లో జూరీ, ఇంటివారి పొరపాటును కూడ లెక్కించియే, తయారీ అమ్మకముల వారిపై సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారము మోపినది. కంపెనీ దివాలా తీసినది. బాలుని కాళ్లు చేతులు మాత్రము తిరిగి రాలేదు.

వెల తగ్గించుట తప్పు కాదు. కాని ఏ వస్తువు కొన్నను, ఆ తగ్గింపు ఎక్కడ జరిగినదో మనము అడుగవలెను. నగిషీలో తగ్గించినచో సరే. కాపుదలలో తగ్గించినచో, ఆ మిగులు ఏదో ఒకనాడు మన పిల్లల మీద అప్పుగా పడును.