జడ అల్లలేని చేతికి ఎన్ని మార్కులు?

ఒకటో తారీఖు వచ్చిందంటే మా వీధిలో పింఛన్ల సందడి. సచివాలయం అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని పొద్దున్నే ఇంటింటికీ తిరుగుతుంది. ఏ ఇంటి ముందైనా రెండు నిమిషాల పని. మా ఇంటి దగ్గర మాత్రం పావుగంట! నా బొటనవేలు పెడితే మిషను ఒప్పుకోదు. చూపుడు వేలు... ఊహూ. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడతాను. పొరలు పొరలుగా చర్మం లేచిపోయిన వేలికి ముద్ర ఎక్కడుంటుంది? చివరికి ఆ అమ్మాయే విసిగిపోయి "ఆంటీ, ముఖం చూపించండి" అంటూ సెల్‌ఫోను ఎత్తుతుంది. ఫొటోలో ముఖం సరిపోయాక డబ్బులు చేతిలో పెడుతుంది.

అలాంటి నా చేతులకే 2025లో "పర్వాలేదు, బాగానే ఉన్నాయి" అని కాగితం వచ్చింది. ఆ కాగితం మీద నేను చేసుకున్న అప్పీలు గురించే ఇదంతా. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కదా, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. 'రాస్తున్నాను' అన్నది మాటవరసకే. నేను చెబుతుంటే రాసేది మా అమ్మాయి.

మాది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన రొయ్యల గుంటల మీద పనికి పోతాడు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. మా చుట్టుపక్కల పెళ్లిళ్ల సీజనులో నా మిషను చప్పుడు రాత్రి పన్నెండింటి దాకా వినపడేది. పద్దెనిమిదేళ్ల కిందట అరచేతుల్లో ఎర్రగా మచ్చలు లేచాయి. పొలుసులు రాలడం, పగుళ్లు, నెత్తురు. ఒకరు తామర అన్నారు, ఒకరు గజ్జి అన్నారు. ఉప్పుగాలి పడలేదన్నారు. రొయ్యలు తినకు అన్నారు. నా దగ్గర గుడ్డ ఇచ్చే వాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. మా అత్త నా మంచినీళ్ల గ్లాసు వేరే గూట్లో పెట్టింది.

నెల్లూరు డాక్టరుగారు చూసి సోరియాసిస్ అన్నారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి చర్మాన్ని తొందరపెడుతుందట. మామూలుగా నెల రోజులు పట్టే కొత్త చర్మం కొద్ది రోజుల్లోనే పైకి వచ్చేస్తుంది, అదే పొలుసు. పూర్తిగా నయం చేసే మందు లేదు, అదుపులో పెట్టే మందులున్నాయి. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ విరుచుకు పడుతుంది. ఈ సంగతులు మా అత్తకి అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. గ్లాసు మళ్లీ మామూలు చోటికి వచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఈ జబ్బున్న వాళ్లలో నూటికి ముప్ఫై మంది దాకా కీళ్లకు కూడా పాకుతుందని అంటారు. నాకు పాకింది. వేళ్ల కణుపులు వాచి, కుడిచేతిలో రెండు వేళ్లు వంకర తిరిగి అలాగే ఉండిపోయాయి. కత్తెర పట్టలేను. సూదిలో దారం సంగతి దేవుడెరుగు, పొద్దున్నే చెయ్యి పిడికిలి కూడా బిగవదు. అప్పుడే ఎవరో చెబితే సదరం క్యాంపుకి వెళ్లాను. 48 శాతం వైకల్యం రాసిచ్చారు. 40 దాటితే పింఛను. ముందు నెలకు 3,000, 2024 జూలై నుంచి 6,000 రూపాయలు. నా మందులకీ, మూడు నెలలకోసారి రక్త పరీక్షలకీ, అమ్మాయి కాలేజీ ఖర్చుకీ అదే ఆధారం.

2025లో ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లన్నీ మళ్లీ తనిఖీ చేయించింది. అనర్హులు చాలామంది తీసుకుంటున్నారని అప్పట్లో గోల. నాకూ పిలుపొచ్చింది. ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ముందు రోజు రాత్రి చేతులకి కొబ్బరినూనె బాగా పట్టించి గుడ్డలు చుట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే నొప్పి మాత్ర వేసుకున్నాను. అమ్మాయి చేత తల దువ్వించుకుని, జడ వేయించుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టించుకుని బయల్దేరాను. నలుగురిలోకి వెళ్లేటప్పుడు శుభ్రంగా వెళ్లాలని మా అమ్మ నేర్పింది మరి! పైగా ఆ నెల జబ్బు కాస్త తగ్గుమీద ఉంది. డాక్టరు "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "పర్వాలేదు సార్" అన్నాను. మనం ఎవరడిగినా అనే మాటే కదా అది. కడుపులో ఎంత బాధ ఉన్నా గుమ్మంలోకొచ్చి అడిగినవాళ్లతో అదే అంటాం. వెనక పెద్ద వరస ఉంది. ఐదు నిమిషాల్లో నా పని అయిపోయింది.

ఆగస్టులో నోటీసు వచ్చింది. 32 శాతం. 40 కన్నా తక్కువ కాబట్టి పింఛనుకు అర్హత లేదని. మా అత్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మే, నీకు నయమైపోయిందంటనా? మాకెవురికీ చెప్పలేదే!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నోటీసులు అందుకున్నవాళ్లు రాష్ట్రమంతటా లక్షమందికి పైనే. గొడవలయ్యాయి, ధర్నాలయ్యాయి. అప్పీలు చేసుకోవచ్చనీ, పల్లెల్లో ఎంపీడీవోకి, పట్నాల్లో మునిసిపల్ కమిషనర్‌కి అర్జీ ఇస్తే మళ్లీ పరీక్ష చేయిస్తారనీ ప్రభుత్వం చెప్పింది. ఈ లోపల పింఛను ఆపబోమంది. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

అర్జీ రాయించాను. రెండు పేజీలు! చర్మం ఎలా రాలుతుందో, పక్కబట్టలు పొద్దున్నే ఎలా దులుపుకోవాలో, పెళ్లిళ్లకు ఎందుకు పోనో అన్నీ ఉన్నాయి. సచివాలయం అమ్మాయి చదివి మెల్లగా అంది... "ఆంటీ, ఇదంతా నిజమే. కానీ దీనికి మార్కులుండవు."

ఆమె చెప్పింది విన్నాక గానీ నాకు అసలు సంగతి బోధపడలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి. ఇరవై ఒకటికి పెరిగినా వాటిలో సోరియాసిస్ లేదు. బొల్లి లేదు. ఎగ్జిమా లేదు. చర్మానికి సంబంధించి ఉన్నవి రెండే. కుష్టు నయమైనవాళ్లు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలన్నీ కలిసి 2014లోనే సోరియాసిస్ మనిషిని వికలం చేసే దీర్ఘకాలిక జబ్బని తీర్మానించాయట. ఆ మాట మన లిస్టులోకి ఇంకా రాలేదు. ఇది సబబని నాకైతే అనిపించదు. కానీ అర్జీ పట్టుకుని నిలబడ్డదాన్ని, చట్టంతో పోట్లాడే సమయమా అది? నాకు దారి ఒక్కటే. చర్మం కాదు, చెయ్యి. జబ్బు పేరు కాదు, జబ్బు వల్ల ఆగిపోయిన పని.

ఆ రాత్రి ఇంగ్లండులో నర్సుగా చేసే మా పెదనాన్న కూతురు ఫోను చేసింది. అక్కడ కూడా ఇదే గొడవేనట. 2013 నుంచి వాళ్లకొక భత్యం ఉంది. నీ జబ్బేమిటని కాదు, వంట చేసుకోగలవా, స్నానం చేయగలవా, బట్టలు తొడుక్కోగలవా అని అడుగుతారు. చేయగలిగితే మళ్లీ మళ్లీ చేయగలవా, ఎంతసేపు పడుతుంది, నెలలో ఎక్కువ రోజులు ఎలా ఉంటావు అని చూస్తారు. కాదంటే నెలలోగా మళ్లీ చూడమని అడగాలి, అప్పటికీ కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. "అక్కా, మంచి రోజు చూసి వాళ్లు నిన్ను కొలిచారు. చెడ్డ రోజులు కాగితం మీద పెట్టు" అంది.

పెట్టాం. అమ్మాయి పాత నోట్సు వెనక పేజీల్లో రోజూ రాసింది. "పొద్దున ఏడున్నర దాకా వేళ్లు కదల్లేదు." "అన్నం చెంచాతో తింది." "బిందె ఎత్తలేదు, నాన్న తెచ్చాడు." "జాకెట్టు హుక్కులు నేను పెట్టాను." ఒక రోజు మాత్రం "ఈరోజు బాగుంది, దోసెలు పోసింది" అని ఉంది. అది కొట్టేయమన్నాను. "నిజం కదమ్మా, ఉండనీ" అంది. ఉండనిచ్చాం.

చేతి ఎక్స్‌రేలు, కీళ్లు గట్టిపడ్డాయని ఎముకల డాక్టరు రాసిన చీటీ, జబ్బు హెచ్చుతగ్గులుగా ఉంటుందని చర్మం డాక్టరు రాసిన చీటీ, పాత 48 శాతం సర్టిఫికెట్ నకలు... అన్నీ జతచేసి ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చాను. అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. ఆ చీటీ లేకపోతే మీరిచ్చిన అర్జీకి సాక్ష్యం ఉండదు. ఇంకొక మాట. సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ సంగతి రాసి తెలియజేయాలని చట్టంలోనే 58వ సెక్షన్‌లో ఉంది. ఇచ్చిన నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కు 59వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి అప్పీలంటే ఎవరినో బతిమాలడం అనుకోకండి.

మళ్లీ పరీక్షకు పిలిచిన రోజు నూనె రాయలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసింది ఆ ఆగస్టులోనే. తల్లీకూతుళ్లం టికెట్టు డబ్బులు లేకుండా నెల్లూరు చేరాం. వరసలో నా ముందు ఇసకపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. కుష్టు నయమై ముప్ఫయ్యేళ్లు. వేళ్లకు స్పర్శ లేదు. పొయ్యి మీది గిన్నె కాలినా తెలియదట. వయసులో ఉండగా మొగుడు వదిలేశాడట. కుష్టును విడాకులకు కారణంగా చూపించే వీలు మన చట్టాల్లో 2019 దాకా ఉండేదని నాకు తరవాత తెలిసింది. ఆమె నా చేతులు చూసి, "నీదేం జబ్బు?" అంది. చెప్పాను. "లిస్టులో ఉండాదా?" లేదన్నాను. "నాది ఉండాది" అంది, అదేదో అదృష్టమన్నట్టు. ఇద్దరం నవ్వుకున్నాం.

లోపల ఈసారి ఎముకల డాక్టరు ఒక ఆవిడ. నేను తెచ్చిన చర్మం ఫొటోలు పక్కన పెట్టేసింది. తాళంచెవి చేతికిచ్చి వేళ్ల మధ్య పట్టమంది. గ్లాసు పట్టుకుని నీళ్లు తాగమంది. బంతి పట్టమంది. సంచీ వేళ్లకు తగిలించుకోమంది. బొత్తాం పెట్టమంది. చేతి వైకల్యం లెక్కగట్టేందుకు ఇలాంటి పనుల పట్టిక ఒకటుంటుంది. చేత్తో కలిపి అన్నం తినడం, పైనున్న వస్తువు దించడం, రాయడం అన్నీ అందులో ఉంటాయి. ఒక్కొక్క పనికీ ఇన్నని మార్కులు. కీలు ఎంత వంగుతుంది, పట్టు ఎంత గట్టిగా ఉంది అనేవి విడిగా కొలుస్తారు.

"తల దువ్వుకుని జడ వేసుకో అమ్మా" అంది.

నా జడ విప్పాను. మూడు పాయలు తీయడానికి చూశాను. రెండో పాయ పట్టుకునేసరికి మొదటిది జారిపోయింది. మళ్లీ పట్టాను. మళ్లీ జారింది. ఎంతసేపు అలా నిలబడ్డానో! మా అమ్మాయి నేల చూపులు చూస్తోంది. రోజూ నాకు జడ వేసేది తనే, అయినా నేను ప్రయత్నించి ఓడిపోవడం ఎప్పుడూ చూడలేదు. నేనెప్పుడూ చూడనివ్వలేదు.

"పోయినసారి ఈ సంగతి చెప్పలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పర్వాలేదన్నానండీ" అన్నాను.

ఆవిడ ఏమీ అనకుండా నోటుపుస్తకం తీసుకుని తిరగేసింది. దోసెల పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి, నవ్వి, "ఇది రాశారు కాబట్టి మిగతాది నమ్ముతున్నా" అంది.

44 శాతం వచ్చింది. పింఛను ఆగలేదు. అయితే సర్టిఫికెట్ మీద 'తాత్కాలికం' అని ఉంది. గడువు తీరాక మళ్లీ వెళ్లి చూపించుకోవాలి. నోట్సులో వెనక పేజీలు అయిపోతే అమ్మాయి కొత్త పుస్తకం తెచ్చింది. నిన్నటి తారీఖు కింద "కొంచెం బాగుంది, టీ తనే వడకట్టుకుంది" అని రాసింది.